‘బ్లూ ట్రైన్’లో కర్టిస్ ఫుల్లర్ ట్రాంబోన్ సోలో: జారుడు గొట్టం మీద స్వింగ్ ఎలా నిలుస్తుంది?

నిశీథశ్రోత (విశాఖపట్నం)

సభ్యులందరికీ నమస్కారం. జాజ్ సాక్సోఫోన్ కళాకారుడు జాన్ కోల్ట్రేన్ సారథ్యంలో 1957 సెప్టెంబరు 15న రికార్డయిన ‘బ్లూ ట్రైన్’ అనే రచన గురించి, అందులోనూ ప్రత్యేకించి కర్టిస్ ఫుల్లర్ వాయించిన ట్రాంబోన్ సోలో (ఒక్కరే ముందుండి అప్పటికప్పుడు అల్లి వాయించే భాగం) గురించి నిదానంగా మాట్లాడుకోవాలని ఈ చర్చ మొదలుపెడుతున్నాను. ఈ రచన గురించి ఎక్కడ చదివినా కోల్ట్రేన్ టెనర్ సాక్సోఫోన్ గురించే పేజీలు నిండుతాయి, ఆ తరువాత అప్పటికి పంతొమ్మిదేళ్ల వాడైన లీ మోర్గన్ ట్రంపెట్‌ను మెచ్చుకుంటారు, ఫుల్లర్ దగ్గరికి వచ్చేసరికి ఒక్క వాక్యంతో దాటేస్తారు. నాకు మాత్రం ఆ పదిన్నర నిమిషాలలో చెవి నిలిచిపోయేది ఎప్పుడూ ఆ మూడో సోలో దగ్గరే.

ఎందుకో చెప్పడానికి ప్రయత్నిస్తాను. మొదట మూడు ఊదుడు వాద్యాలూ కలిసి పల్లవిలాంటి ఇతివృత్తాన్ని వినిపిస్తాయి, వాటి ప్రతి చరణానికీ పియానో, బేస్, డ్రమ్స్ కలిసి పొట్టి జవాబు చెబుతాయి. తొలిసారి ముగ్గురూ ఒకే స్వరవరుసను వాయిస్తారు, రెండోసారి అదే వరుసను వేర్వేరు స్వరాలతో పరిచి వాయిస్తారు. ఆ రెండో ఆవృత్తంలో ట్రాంబోన్ కింద నుంచి ఆనుకుని ఉండటం వల్లనే ఇతివృత్తానికి ఆ బరువు వచ్చిందని నా నమ్మకం. ఆ తరువాత కోల్ట్రేన్ సోలో ఒక ప్రవాహం, మోర్గన్ సోలో ఒక మెరుపు. వాళ్లిద్దరి తరువాత ఫుల్లర్ అందుకున్నప్పుడు శబ్దం ఒక్కసారిగా మనిషి గొంతుకు దగ్గరవుతుంది, చల్లటి రాత్రి అరుగు మీద కూర్చుని పెద్దవారెవరో తీరిగ్గా మాట అందుకున్నట్టు ఉంటుంది.

నా ప్రశ్న ఇది. ట్రాంబోన్‌కు సాక్సోఫోన్‌కున్నట్టు మీటలు లేవు, ట్రంపెట్‌కున్నట్టు వాల్వులు లేవు, ఉన్నదల్లా ముందుకూ వెనక్కూ జరిగే ఒక గొట్టం. అటువంటి వాద్యం మీద, ముందుగా రాసుకోని సంగతులను, ఈ వేగంలో, లయ తప్పకుండా, స్వింగ్ చెడకుండా పలికించడం ఎలా సాధ్యమవుతుంది? వాయించేవారెవరైనా వివరిస్తే నేర్చుకోవాలని ఉంది.

పాతరికార్డులు (హైదరాబాదు)

నిశీథశ్రోత గారూ, వాద్యం సంగతి తెలిసినవారు తరువాత చెబుతారు, నేను ఆ రోజు నేపథ్యాన్ని మాత్రం రాస్తాను, ఎందుకంటే ఫుల్లర్ ఆ గదిలోకి ఎలా వచ్చాడో తెలిస్తే ఆ సోలో మరికొంచెం అర్థమవుతుంది.

రికార్డింగు జరిగింది న్యూజెర్సీలోని హాకెన్‌సాక్‌లో, రూడీ వాన్ గెల్డర్ తల్లిదండ్రుల ఇంటి ముందుగదిలో. ఆయన పగలు కళ్లద్దాల వైద్యం చేసుకుంటూ, మిగిలిన వేళల్లో ఆ గదిలోనే బ్లూ నోట్ సంస్థ కోసం రికార్డులు చేసేవారు. పియానో మీద కెనీ డ్రూ, బేస్ మీద పాల్ ఛాంబర్స్, డ్రమ్స్ మీద ఫిల్లీ జో జోన్స్. ఛాంబర్స్, జోన్స్ ఇద్దరూ మైల్స్ డేవిస్ బృందంలో కోల్ట్రేన్‌తో కలిసి వాయించినవారే. కోల్ట్రేన్ ఆ ఏడాది వసంతంలో ఆ బృందం నుంచి బయటపడి, మత్తుమందు అలవాటును వదిలించుకుని, న్యూయార్కులోని ఫైవ్ స్పాట్ కెఫేలో థెలోనియస్ మంక్‌తో వాయిస్తున్న కాలమది. బ్లూ నోట్ సంస్థ రికార్డింగుకు ముందు సాధన చేసుకునే రోజులకు కూడా డబ్బు చెల్లించేది. ఇతివృత్తంలో ఆ మూడు వాద్యాలు అంత పొందికగా వినిపించడానికి అదొక కారణం.

ఫుల్లర్ డెట్రాయిట్ మనిషి. తల్లిదండ్రులు జమైకా నుంచి వచ్చినవారు, చిన్నతనంలోనే వారిని పోగొట్టుకుని అనాథాశ్రమంలో పెరిగాడు. సైన్యంలో ఉన్నప్పుడు అక్కడి బ్యాండులో కానన్‌బాల్ ఆడర్లీ తోటివాడు. 1957లో న్యూయార్కు చేరిన కొద్ది నెలలకే బ్లూ నోట్‌లో అతని చేతికి తీరిక లేకుండా పోయింది: జూన్‌లో తన పేరు మీద ‘ది ఓపెనర్’, ఆగస్టు మొదట్లో బడ్ పవెల్‌తో కొన్ని రచనలు, సెప్టెంబరు 1న సోనీ క్లార్క్ నాయకత్వంలో ‘సోనీస్ క్రిబ్’. ఆ చివరిదానిలో కోల్ట్రేన్ కూడా ఉన్నాడు. అంటే ‘బ్లూ ట్రైన్’కు రెండు వారాల ముందే ఇద్దరూ ఒకే గదిలో, ఒకే రకమైన బృందంలో వాయించి ఉన్నారు. కోల్ట్రేన్ మూడో ఊదుడు వాద్యంగా ట్రాంబోన్‌ను పెట్టుకోవడం ఆ పూట తోచిన ఆలోచన కాదని నాకు అనిపిస్తుంది.

సూటిమాట (విజయవాడ)

గౌరవంతోనే విభేదిస్తున్నాను. నేపథ్యం ఎంత ఆసక్తికరమైనదైనా, చెవికి వినిపించేదే ప్రమాణం కావాలి. కోల్ట్రేన్ సోలోలో ఒక్కొక్క ఆవృత్తం ముందుదాని మీద కట్టుకుంటూ పోతుంది, చివరి భాగంలో వెనుక నుంచి ట్రంపెట్, ట్రాంబోన్ అందించే ఊతపు పలుకులతో అది శిఖరానికి చేరుతుంది. మోర్గన్ ఆ ఎత్తును నిలబెడతాడు. ఫుల్లర్ దగ్గరికి వచ్చేసరికి ఎత్తు తగ్గుతుంది. కొన్నిచోట్ల స్వరాల అంచులు మసకబారి, వేగపు పలుకుల్లో అక్షరాలు ఒకదానిలోకి ఒకటి కలిసిపోతాయి. అదే కాలంలో మరో ట్రాంబోన్ కళాకారుడు జె.జె. జాన్సన్ వాయించినది వింటే ప్రతి స్వరమూ ముత్యంలా విడిగా ఉంటుంది. ఆయన వాయిద్యం విని, ఇది జారుడు గొట్టం కాదు, వాల్వుల ట్రాంబోన్ అయి ఉంటుందని పొరబడిన శ్రోతలు ఉన్నారంటేనే ఆ స్పష్టత ఎటువంటిదో ఊహించవచ్చు. ఫుల్లర్‌ను నేను తక్కువ చేయడం లేదు. అతనికి ఈ రచన గొప్ప వేదిక కాలేదని మాత్రమే నా అభిప్రాయం.

జారుగొట్టం (డాలస్)

మీ ముగ్గురి మాటలూ చదివాక రాయకుండా ఉండలేకపోయాను. నేను వృత్తి కళాకారుడిని కాను. మా అమ్మాయి ఆరో తరగతిలో స్కూలు బ్యాండులో చేరినప్పుడు వాళ్లు ట్రాంబోన్ చేతికిచ్చారు. ఇంట్లో తోడుగా సాధన చేయించడం కోసం నేనూ ఒకటి కొనుక్కుని, తొమ్మిదేళ్లుగా వదలకుండా ఊదుతున్నాను. అందువల్ల నాకు తెలిసినది కొంత వివరంగా రాస్తాను.

ట్రాంబోన్ స్లైడ్‌కు ఏడు స్థానాలు. గొట్టం పూర్తిగా లోపల ఉంటే మొదటిది, చేయి పూర్తిగా చాచితే ఏడవది. ఒక్కొక్క స్థానం దిగినకొద్దీ శ్రుతి ఒక్కొక్క అర స్వరం తగ్గుతుంది. గొట్టం మీద ఎక్కడా గుర్తులు ఉండవు, వీణకున్నట్టు మెట్లు ఉండవు, చెవే మెట్టు. ఒక్కొక్క స్థానంలో పెదవుల బిగువును మార్చి ఆ స్థానానికి చెందిన అనుస్వరాల (హార్మోనిక్స్) మెట్లు ఎక్కవచ్చు, దిగవచ్చు. మొదటి స్థానంలో బి-ఫ్లాట్, దాని పైన ఎఫ్, మళ్లీ బి-ఫ్లాట్, డి, ఎఫ్ ఇలా పలుకుతాయి.

కష్టం ఎక్కడుందో ఒక్క ఉదాహరణ చెబుతాను. కింది బి-ఫ్లాట్ మొదటి స్థానంలో ఉంటుంది. దానికి కేవలం అర స్వరం పైన ఉన్న బి మాత్రం ఏడో స్థానంలో ఉంటుంది. పియానో మీద పక్కపక్కన ఉండే రెండు మెట్ల మధ్య ఇక్కడ చేయి సుమారు రెండడుగులు ప్రయాణం చేయాలి. పదకొండేళ్ల మా అమ్మాయి చేయి అంతదూరం అందక, భుజం ముందుకు తోసి, తల పక్కకు వాల్చి, ఆ స్వరం కోసం మునివేళ్లతో స్లైడ్ కొసను పట్టుకునేది. రెండుసార్లు గొట్టం జారి నేల మీద పడి సొట్ట పోయింది.

మరో చిక్కు ఉంది. సాక్సోఫోన్ మీద ఒకే ఊపిరిలో స్వరం నుంచి స్వరానికి నాలుక తగలకుండా వెళ్లవచ్చు. ట్రాంబోన్ మీద ఒకే అనుస్వరపు మెట్టు మీద ఉండి స్లైడ్ జరిపితే మధ్యలో ఉన్న శ్రుతులన్నీ ఈడ్చుకుంటూ వినిపిస్తాయి. అలా వినిపించకూడదనుకుంటే ప్రతి స్వరానికీ నాలుకతో మెత్తగా ‘ద’ అనాలి, ఆ ‘ద’ పడే క్షణానికి చేయి సరైన చోటికి చేరి ఉండాలి. చేయీ నాలుకా వెంట్రుకవాసి తేడాతో కలిసినా స్వరం మసకబారుతుంది. సూటిమాట గారు విన్న మసక అక్కడిదే కావచ్చు, కాదనను.

అయితే దీనికి లోకజ్ఞానం లాంటి ఒక ఉపాయం ఉంది. ‘బ్లూ ట్రైన్’ సోలోలు ఇ-ఫ్లాట్ బ్లూస్ మీద నడుస్తాయి. ఇ-ఫ్లాట్ మూడో స్థానంలో ఉంది. దాని పైని జి-ఫ్లాట్ ఐదో స్థానంలో, కానీ ఒక మెట్టు పై అనుస్వరంలో ఉంది. అంటే చేయి బయటికి వెళుతుంటే శ్రుతి పైకి ఎక్కుతుంది. మెట్టు మారుతుంది కనుక మధ్యలో ఈడ్పు వినిపించదు, నాలుక లేకుండానే స్వరం శుభ్రంగా తెగుతుంది. ఇప్పుడు అక్కడి నుంచి అదే మెట్టు మీద చేతిని ఐదు నుంచి నాలుగుకు లోపలికి లాగితే జి-ఫ్లాట్ జారుతూ జి అవుతుంది, మరొక స్థానం లాగితే ఎ-ఫ్లాట్ వస్తుంది. ఐదో స్థానంలోనే చేయి కదపకుండా పెదవులతో జి-ఫ్లాట్, బి-ఫ్లాట్, డి-ఫ్లాట్ మూడూ పలుకుతాయి. మూడో స్థానంలో ఇ-ఫ్లాట్, ఎ-ఫ్లాట్, సి, పై ఇ-ఫ్లాట్ పలుకుతాయి. అంటే ఈ శ్రుతిలో బ్లూస్ వాయించేవాడికి మూడు, ఐదు స్థానాల మధ్య జానెడు దూరంలో ఒక చిన్న ఇల్లు ఉన్నట్టే. ఏది శుభ్రంగా తెగాలో, ఏది జారాలో అతను ఆ ఇంట్లో తిరుగుతూ ఎంచుకుంటాడు.

ఫుల్లర్ సరిగ్గా ఏ స్వరాన్ని ఏ స్థానంలో పట్టుకున్నాడో రికార్డు విని ఖాయంగా చెప్పలేము. కానీ అతని పలుకుల ఆకారం ఈ చేతి కదలిక నుంచి పుట్టిందని నా చేయి నాకు చెబుతుంది. సాక్సోఫోన్ వాయించేవాడు తలచుకున్న స్వరాన్నల్లా వాయించగలడు. ట్రాంబోన్ వాయించేవాడు ప్రతి పలుకుకూ కొన్నిటిని వదిలిపెట్టాలి. నిశీథశ్రోత గారికి ‘మాట్లాడినట్టు’ అనిపించింది ఆ వదిలిపెట్టడం వల్లనే అని నేను అనుకుంటాను.

వాయులీన (తిరుపతి)

జారుగొట్టం గారి వివరణ చదివి వయొలిన్ తీసి, ఇ-ఫ్లాట్‌ను షడ్జమంగా పెట్టుకుని వాయించి చూశాను. మన పేర్లలో చెప్పుకుంటే జి-ఫ్లాట్ సాధారణ గాంధారం, జి అంతర గాంధారం, ఎ-ఫ్లాట్ శుద్ధ మధ్యమం, డి-ఫ్లాట్ కైశికి నిషాదం. ఇతివృత్తం సాధారణ గాంధారపు ఛాయలో ఉంటుంది, సోలోలు మొదలయ్యాక అంతర గాంధారం మెల్లగా బయటపడుతుంది. మన సంప్రదాయంలో ఒక రాగంలో రెండు గాంధారాలు ఉండటం అరుదు, ఉన్నా వాటి స్థానాలు నియమబద్ధం. బ్లూస్‌లో ఆ రెండింటి మధ్య ఉన్న చోటే రసస్థానం. సాధారణం నుంచి అంతరానికి జారే ఆ అర స్వరం దూరం ట్రాంబోన్ మీద ఒకే ఒక్క స్థానం లోపలికి లాగడమని ఇప్పుడు తెలిసింది. వయొలిన్ వాయించేవారికి జారు కొత్త కాదు, కానీ మాకు అది వేలి కొసన అంగుళం ప్రయాణం, అక్కడ మోచేయి కదలాలి.

ఒక్క జాగ్రత్త చెప్పదలచుకున్నాను. జాజ్ సోలోను మన కల్పనస్వరంతో పోల్చడం తేలిక, నేనూ ఆ పోలికను వాడుతుంటాను. కానీ కల్పనస్వరంలో మనం ఒకే షడ్జమాన్ని ఆధారం చేసుకుని, ఎత్తుగడ దగ్గరికి తిరిగి వస్తాము. బ్లూస్‌లో నేల కదులుతూ ఉంటుంది. ఒకే జి-ఫ్లాట్ ఇ-ఫ్లాట్ తీగకట్టు (కార్డ్, అంటే కలిపి మోగించే స్వరాల గుంపు) మీద గాంధారంగా ఉండి, ఎ-ఫ్లాట్ తీగకట్టు వచ్చేసరికి ఆ కొత్త ఆధారానికి నిషాదం అయి కూర్చుంటుంది. స్వరం మారలేదు, దాని అర్థం మారింది. ఫుల్లర్ ఒకే పలుకును రెండుసార్లు అన్నట్టు వినిపించిన చోట రెండోసారి కింద ఏముందో గమనిస్తే ఈ మార్పు తెలుస్తుంది. ఇది నెరవుకు దగ్గరగా ఉన్నదని కొందరు అంటారు, అక్కడ మాట అదే ఉండి సంగతి మారుతుంది, ఇక్కడ సంగతి అదే ఉండి నేల మారుతుంది. ఈ తేడాను కలిపేయకూడదు.

కొత్తశ్రోత (కరీంనగర్)

పెద్దలందరికీ నమస్కారం. నాకు సంగీత పరిజ్ఞానం తక్కువ. ‘పన్నెండు బార్ల బ్లూస్’ అని అందరూ అంటారు, వింటున్నప్పుడు మాత్రం ఎక్కడ ఒక ఆవృత్తం ముగిసి మరొకటి మొదలవుతుందో పట్టుకోలేకపోతున్నాను. స్వింగ్ అంటే ఏమిటో కూడా మాటల్లో ఎవరూ చెప్పగా వినలేదు. దయచేసి తెలిసినవారు వివరించగలరా?

మృదంగశిష్యుడు (రాజమహేంద్రవరం)

కొత్తశ్రోత గారూ, మీకు ఆది తాళం వేయడం వస్తే ఇది చాలా సులభం. పన్నెండు బార్లు, బార్‌కు నాలుగు దెబ్బలు, మొత్తం నలభై ఎనిమిది. ఆది తాళానికి ఎనిమిది అక్షరాలు కనుక సరిగ్గా ఆరు ఆవర్తాలు. చేత్తో తాళం వేస్తూ వినండి. మొదటి రెండు ఆవర్తాలు ఇంటి దగ్గర, అంటే ఇ-ఫ్లాట్ మీద ఉంటాయి. మూడో ఆవర్తానికి నేల ఎ-ఫ్లాట్‌కు కదులుతుంది. నాలుగో ఆవర్తంలో తిరిగి ఇంటికి వస్తుంది. ఐదో ఆవర్తం బి-ఫ్లాట్ మీద మొదలై బిగువును పెంచుతుంది, ఆరవది మళ్లీ ఇంటికి చేరుస్తుంది. దీనినే జాజ్ వారు ఒక కోరస్ అంటారు. సోలో వాయించేవారు ఈ ఆరు ఆవర్తాల చుట్టును తమకు కావలసినన్నిసార్లు తిప్పుకుంటారు. రెండు మూడుసార్లు తాళం వేస్తూ వింటే ఐదో ఆవర్తం దగ్గర బిగువు మీకే తెలుస్తుంది.

ఇక స్వింగ్. ఒక దెబ్బను మూడు భాగాలు చేసి ‘తకిట’ అనుకోండి. అందులో ‘త’ను, ‘ట’ను మాత్రమే పలికి ‘కి’ని మౌనంగా వదిలేయండి. పొడుగు, పొట్టి, పొడుగు, పొట్టి అని ఒక ఊగు వస్తుంది. ఫిల్లీ జో జోన్స్ కుడిచేయి రైడ్ సింబల్ మీద చేస్తున్నది దాదాపు అదే. అయితే ఇది కచ్చితమైన తిశ్రం కాదు. వేగం పెరిగినకొద్దీ పొడుగు తగ్గి రెండూ సమానానికి దగ్గరవుతాయి, వేగం తగ్గితే తేడా పెరుగుతుంది, మనిషికీ మనిషికీ కూడా మారుతుంది. పైగా ఎడమ కాలితో హై-హ్యాట్ మూత పడేది రెండో దెబ్బ, నాలుగో దెబ్బ మీద. మనం సమం మీద బరువు వేయడానికి అలవాటు పడ్డవాళ్లం కనుక మొదట్లో అది తలకిందులుగా అనిపిస్తుంది. కింద పాల్ ఛాంబర్స్ ప్రతి దెబ్బకూ ఒక్కొక్క స్వరం చొప్పున నడుస్తూ ఉంటాడు, దానినే వాకింగ్ బేస్ అంటారు.

ఫుల్లర్ సోలోలో నాకు అన్నిటికంటే నచ్చినది, మధ్యలో లయబృందం రెండో కాలంలోకి దూకినట్టు వినిపించే భాగం. మోర్గన్ సోలోలోనూ ఇలా జరుగుతుంది. నడక రెండింతలవుతుంది, కానీ తీగకట్లు మారే వేగం మారదు, ఆరు ఆవర్తాల చుట్టు మొదటి కాలంలోనే తిరుగుతుంది. మనం ఒకే తాళంలో కాలం పెంచినట్టే. ట్రంపెట్‌కు ఆ వేగం సహజం. స్లైడ్ పట్టుకున్న మనిషికి ఆ క్షణంలో రెండు దారులుంటాయి: తానూ రెండింతల వేగంతో పరుగెత్తడం, లేదా కింద వాళ్లు పరుగెడుతుంటే తాను పాత నడకలో పొడుగాటి పలుకులు పరచడం. ఫుల్లర్ ఒక దారినే పట్టుకోడు. ఆ మార్పు దగ్గర అతను ఊపిరి తీసుకునే చోట్లను గమనించండి, సోలో ఆయువుపట్టు అక్కడ ఉంది.

సూటిమాట (విజయవాడ)

మృదంగశిష్యుడు గారు చెప్పిన భాగాన్ని నిన్న రాత్రి నాలుగుసార్లు విన్నాను. రెండో కాలం మీద ఫుల్లర్ కాసేపు వెనక్కి వాలి వాయిస్తాడన్నది నిజమే, నేను ఇంతకుముందు దానిని అలసటగా విన్నాను. అది ఎంపిక అని ఇప్పుడు ఒప్పుకుంటాను. వేగపు పలుకుల్లో మసక ఉందన్న నా మాటను మాత్రం వెనక్కి తీసుకోను.

నా అసలు అభిప్రాయాన్ని కూడా మరికొంచెం స్పష్టం చేస్తాను. ఫుల్లర్ పూర్తి ఎత్తును వినాలంటే 1959 మే 21న సవాయ్ సంస్థకు చేసిన ‘బ్లూసెట్’ వినాలి. అందులో టెనర్ సాక్సోఫోన్ బెనీ గోల్సన్, పియానో టామీ ఫ్లానగన్, బేస్ జిమీ గ్యారిసన్, డ్రమ్స్ ఆల్ హేర్‌వుడ్. మొదటి రచన ‘ఫైవ్ స్పాట్ ఆఫ్టర్ డార్క్’ గోల్సన్ కట్టినది. అక్కడ ట్రాంబోన్ మూడో వాద్యంగా కాక ఇంటి యజమానిగా ఉంటుంది, టెనర్ సాక్సోఫోన్ దాని భుజం మీద చేయి వేసుకుని నడుస్తుంది. పలుకుకూ పలుకుకూ మధ్య ఖాళీలో ఫ్లానగన్ వేసే ఒకటి రెండు తీగకట్లు వినండి. ఆ బృందంలో తొందర లేదు. ట్రాంబోన్‌కు కావలసిన చోటు ఆ రచనలో ముందే కేటాయించి ఉంది. రెండేళ్లలో ఫుల్లర్ మారాడా, లేక చుట్టూ ఉన్న ఏర్పాటు మారిందా అన్నది నాకు తేలని విషయం.

పాతరికార్డులు (హైదరాబాదు)

సూటిమాట గారూ, రెండూ జరిగాయని నేను అనుకుంటాను. ట్రాంబోన్ చరిత్రను ఒకసారి వెనక్కి తిప్పి చూస్తే ఫుల్లర్ ఎక్కడ నిలబడి ఉన్నాడో తెలుస్తుంది. న్యూ ఆర్లియన్స్ కాలంలో కిడ్ ఓరీ లాంటివారి చేతిలో ట్రాంబోన్ పని, కింద ఉండి ఈడ్చిన స్వరాలతో మిగతా వాద్యాలకు ఊతమివ్వడం. ఎల్లింగ్టన్ వాద్యబృందంలో ట్రిక్కీ శామ్ నాంటన్ గొట్టం నోటికి రబ్బరు మూత అడ్డుపెట్టి దానిచేత మనిషిలా మాట్లాడించాడు. జాక్ టీగార్డెన్ చేయి ఎక్కువ కదపకుండా పెదవులతో వాయించి దానికి నున్నదనం తెచ్చాడు. 1940లలో బీబాప్ అనే కొత్త జాజ్ శైలి తన వేగంతో వచ్చినప్పుడు స్లైడ్‌తో ఇక లాభం లేదని చాలామంది అనుకున్నారు. ఇండియానాపొలిస్‌లో 1924లో పుట్టిన జె.జె. జాన్సన్ ఈడ్పును దాదాపు పూర్తిగా విడిచిపెట్టి, కంపనాన్ని తగ్గించి, ప్రతి స్వరాన్నీ నాలుకతో విడదీసి ఆ వేగాన్ని అందుకున్నాడు. అంతటి మనిషి కూడా 1950ల మొదట్లో కొంతకాలం సంగీతం మీద బతుకు గడవక ఒక కర్మాగారంలో నమూనా పటాలు తనిఖీ చేసే ఉద్యోగం చేశాడు.

డెట్రాయిట్‌లో ఇల్లినాయ్ జాకే బృందంతో వాయిస్తున్న జాన్సన్‌ను చూసిన తరువాతే ఫుల్లర్ ఈ వాద్యం వైపు తిరిగాడు. కనుక అతను జాన్సన్ శిష్యపరంపర వాడే. కానీ జాన్సన్ తుడిచేసిన ఈడ్పును ఫుల్లర్ కొద్దికొద్దిగా తిరిగి తెచ్చాడని నా చెవికి అనిపిస్తుంది. సూటిమాట గారు మసక అన్నదానిలో కొంత భాగం, పాత ట్రాంబోన్ గొంతును బీబాప్ వేగంలోకి తీసుకురావడానికి అతను చెల్లించిన వెల. ఆ తరువాత 1961 నుంచి 1965 వరకు ఆర్ట్ బ్లేకీ జాజ్ మెసెంజర్స్‌లో ఫ్రెడీ హబ్బర్డ్, వేన్ షార్టర్ పక్కన నిలబడి వాయించాడు, సొంత రచనలూ చేశాడు. 1961లో రికార్డయిన ‘మొజాయిక్’లోని ‘అరేబియా’ అతనిదే. ఫుల్లర్ 2021 మేలో కన్నుమూశాడు.

మరొక ముఖ్యమైన విషయం. ‘బ్లూ ట్రైన్’కు వేరొక టేక్ (అదే రోజు మరోసారి వాయించి రికార్డు చేసినది) కూడా ఉంది, 1990లలో సీడీగా వచ్చిన కూర్పులో దానిని చేర్చారు. విడుదలైన టేక్‌లో మనం వినే పియానో సోలో నిజానికి ఆ వేరే టేక్‌లోనిదే, దానిని తెచ్చి అతికించారు. ఊదుడు వాద్యాల సోలోలు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. కనుక ఒకే రోజున, ఒకే గదిలో, అదే నలభై ఎనిమిది దెబ్బల చుట్టు మీద ఫుల్లర్ రెండుసార్లు ఏమేమి తలపోశాడో పక్కపక్కన పెట్టి వినే అవకాశం మనకు ఉంది.

నిశీథశ్రోత (విశాఖపట్నం)

ఆ రెండు టేకులనూ ఈ మధ్యాహ్నం వరుసగా విన్నాను. ఏవి ముందే అలవాటైన చేతి పలుకులో, ఏవి ఆ క్షణంలో దొరికినవో మొదటిసారి కొంత తెలిసింది. రెండింటిలోనూ నిలిచినది అతని ధ్వని, ఆ పలుకు మొదలుపెట్టే ముందు తీసుకునే వ్యవధి. మారినది మాటల వరుస. ఇంతకాలం విడుదలైన సోలో నాకు కంఠస్థం అయిపోయి, అది ఎప్పుడో రాసి పెట్టిన కృతిలా చెవిలో స్థిరపడిపోయింది. వేరే టేక్ విన్నాక, ఒక్కొక్క పలుకు దగ్గర అతను మరొక దారి పట్టి ఉండగలడని గుర్తుకువచ్చి, తెలిసిన సోలోనే మళ్లీ ఉత్కంఠతో విన్నాను.

వాయులీన గారు చెప్పిన నేల మారే సంగతి కూడా పట్టుకోగలిగాను. మూడో ఆవర్తం దగ్గర కళ్లు మూసుకుని బేస్ మీద మనసు పెడితే పైన ట్రాంబోన్ రంగు మారడం స్పష్టంగా తెలిసింది.

కొత్తశ్రోత (కరీంనగర్)

ఆది తాళం వేస్తూ విన్నాను. మొదట కోల్ట్రేన్ సోలోతో ప్రయత్నిస్తే స్వరాల వరదలో తాళం తప్పిపోయింది. ఫుల్లర్ సోలో దగ్గర మొదలుపెడితే వరుసగా రెండు చుట్లు తప్పకుండా వేయగలిగాను, ఎందుకంటే అతను పలుకు ముగించి ఊపిరి తీసుకునే చోట బేస్ నడక బయటికి వినిపిస్తోంది. రెండో కాలం వచ్చినప్పుడు మాత్రం నా చేయి తనంతట తానే వేగం పెంచేసింది. దానిని ఎలా అదుపు చేసుకోవాలి?

మృదంగశిష్యుడు (రాజమహేంద్రవరం)

అందరికీ మొదట అలాగే జరుగుతుంది. ఆ భాగం వచ్చినప్పుడు డ్రమ్స్ వినడం మానేసి, తీగకట్టు ఎప్పుడు మారుతుందో దాని కోసమే ఎదురుచూడండి. చేత్తో కాక, ఆవర్తానికి ఒక్కసారి చొప్పున పాదంతో తట్టండి. ఆరుసార్లు తట్టేసరికి చుట్టు పూర్తి కావాలి.

జారుగొట్టం (డాలస్)

ఈ చర్చ చూపించి మా అమ్మాయిని అడిగాను. ఇప్పుడు ఇరవై ఏళ్లది, చేయి ఏడో స్థానానికి హాయిగా అందుతుంది. నిన్న సాయంత్రం గ్యారేజీలో కూర్చుని, నేను కీబోర్డు మీద ఆ పన్నెండు బార్ల తీగకట్లు వేస్తుంటే, తనను మూడు, ఐదు స్థానాల మధ్యనే ఉండి ఇ-ఫ్లాట్ బ్లూస్ వాయించమన్నాను. మొదటి చుట్టులో జి-ఫ్లాట్ దగ్గర ప్రతిసారీ నాలుక వేసింది, పలుకు శుభ్రంగా ఉంది కానీ ఊగలేదు. రెండో చుట్టులో నాలుకను దెబ్బ మీద కాక ఆ ‘తకిట’లోని ‘ట’ మీద వేసి, అక్కడి నుంచి వచ్చే దెబ్బలోకి ఊపిరితో కలిపి వెళ్లమన్నాను. అప్పుడు చేయి మూడు నుంచి ఐదుకు బయటికి వెళ్లి జి-ఫ్లాట్‌ను తాకి, ఒక్క స్థానం లోపలికి జారి జి మీద ఆగింది.

నేను తీగకట్టు మార్చడం మరిచిపోయి చూస్తుండిపోయాను. తను స్లైడ్ దించి, ‘నాన్నా, ఎ-ఫ్లాట్ ఏదీ?’ అని అడిగింది.